అడిగితే ఇచ్చేదే కదా!

కార్తీక మాసంలో వృద్ధాశ్రమంలో దీపాలు పెట్టిన వీడియో చూసి చాలామంది మెసేజ్‌లు పెట్టారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయని రాసారు. ఆ వీడియోలో కనపడని సంగతి ఒకటుంది. కెమెరా ముందు చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది మా పెద్దమ్మ గురించి. ఆవిడని అడిగే రాస్తున్నాను. "నా పేరు పెట్టకు నాన్నా, మిగతాదంతా రాసుకో. ఎవరికైనా పనికొస్తుంది" అంది.

పెద్దమ్మ రిటైరైన గవర్నమెంట్ టీచర్. పెదనాన్న పోయాక తుంటి ఎముక విరిగింది. ఇంట్లో పగలంతా చూసుకునే మనిషి దొరక్క, రెండేళ్ళ క్రితం హైదరాబాద్ శివార్లలో ఒక వృద్ధాశ్రమంలో చేర్పించారు. చోటు శుభ్రంగానే ఉంటుంది, భోజనం బాగుంటుంది. ఆ రోజు మేం షూట్‌కి వెళ్ళినప్పుడు అందరూ హాల్లో కూర్చుని భజన పాడుతున్నారు. పెద్దమ్మ మాత్రం చప్పట్లు కొడుతోంది కానీ తాళం కలవడం లేదు. దగ్గరికెళ్ళి చూస్తే చెవి మిషన్ ఆపేసి ఉంది.

"ఏంటి పెద్దమ్మా, పెట్టుకోలేదా?" అని సైగ చేసాను.

"బ్యాటరీలు అయిపోవస్తున్నాయి నాన్నా. ఎవరైనా చూడ్డానికొస్తే ఆన్ చేసుకుంటాను. పాటలదేముంది, ఊహించుకోవచ్చు." కాసేపాగి, పక్కవాళ్ళకి వినపడకుండా అడిగింది, "ఒక రెండొందలుంటే ఇస్తావా? వచ్చే నెల ఇచ్చేస్తాను."

నెలకి 41 వేలు పెన్షన్ వచ్చే మనిషి, భజన వినడానికి రెండొందలు అప్పు అడిగింది. ఆశ్రమానికి కట్టేది 24 వేలు. మరి మిగతాది ఏమవుతోంది? నెమ్మదిగా అడిగితే తెలిసింది. ఏటీఎం కార్డు అన్నయ్య దగ్గరుంది. బ్యాంకు మెసేజ్‌లు అన్నయ్య ఫోన్‌కే వెళ్తాయి. పాస్‌బుక్ ఎక్కడుందో ఆవిడకి తెలీదు. "అన్నీ వాడే చూసుకుంటాడు" అంది, మంచం మీద దుప్పటి సర్దుకుంటూ.

ఆ రాత్రి అన్నయ్యకి ఫోన్ చేసాను. ఒక మాట ముందే చెప్పాలి, మా అన్నయ్య దుర్మార్గుడు కాదు. ప్రతి ఆదివారం వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తాడు, ఇడ్లీలు పట్టుకెళ్తాడు, గోళ్ళు తీస్తాడు. నేను ఆవిడని చూసి ఎనిమిది నెలలైంది. కాబట్టి ఫోన్‌లో నా గొంతు కూడా పెద్దగా లేవలేదు.

"పాప స్కూల్ ఫీజు కట్టాను రా. కారు ఈఎంఐ రెండు నెలలు అందులోంచే వెళ్ళింది. దాచుకున్నానా, తాగానా? మనవరాలికే కదా. అడిగితే ఇచ్చేదే కదా, అడిగి ఆవిడ్ని టెన్షన్ పెట్టడం దేనికి?"

ఫోన్ పెట్టేసాక నాకు నిద్ర పట్టలేదు. అన్నయ్య మీద కోపం వచ్చి కాదు. నాన్న ఫోన్‌లో యూపీఐ పెట్టింది నేను, పిన్ పెట్టింది నేను. పోయినేడాది ఈ ఛానల్‌కి మైక్ కొనడానికి 7,200 నాన్న ఖాతాలోంచి నాకు పంపుకున్నాను. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఇంతవరకూ చెప్పలేదు. ఆయనకి మెసేజ్ వచ్చే ఉంటుంది. ఆయన అడగలేదు. ఎందుకడగలేదు అనేది ఆ రాత్రి మొదటిసారి ఆలోచించాను. భక్తి పాటలు రికార్డు చేసేది ఆ మైక్‌తోనే అండి.

కాబట్టి ఈ ప్రశ్న అన్నయ్య ఒక్కడిదే కాదు, నాది కూడా. మనం ప్రేమించే మనిషి, అడిగితే తప్పకుండా ఇచ్చే మనిషి. అలాంటి మనిషి డబ్బుని అడక్కుండా తీసుకుంటే తప్పేంటి?

ధృతరాష్ట్రుడు అడిగిన డబ్బు

మహాభారతంలో యుద్ధం వరకూ మనందరికీ తెలుసు. ఆ తర్వాత ధృతరాష్ట్రుడు ఎక్కడున్నాడు, ఎవరి ఇంట్లో తిన్నాడు అని ఎప్పుడైనా ఆలోచించారా? ఆశ్రమవాస పర్వంలో ఉంది ఆ కథ. 15 ఏళ్ళు పాండవుల దగ్గరే ఉన్నాడు. గుడ్డివాడు, ముసలివాడు, వందమంది కొడుకులు పోయినవాడు, పూర్తిగా ఇంకొకరి మీద ఆధారపడి బతుకుతున్నవాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, సొంత ఆదాయం కూడా లేదు. పైగా పాండవుల కష్టాలన్నిటికీ ఆయన మౌనమే సగం కారణం.

అయినా ధర్మరాజు ఏం చేసాడో చూడండి. తిండి, బట్ట, గౌరవం ఇవ్వడంతో ఆగలేదు. ఆయన ఎవరికి దానం చెయ్యాలనుకుంటే వాళ్ళకి చెయ్యనిచ్చాడు. శిక్ష పడ్డవాళ్ళని ఆయన విడిపించినా మాట్లాడలేదు. అంటే ఆ ముసలాయన చేతికి "ఇచ్చే శక్తి" మిగిల్చాడు.

చివర్లో ధృతరాష్ట్రుడు అడవికి వెళ్ళిపోతాననుకున్నాడు. వెళ్ళేముందు భీష్ముడికి, ద్రోణుడికి, తన కొడుకులకి శ్రాద్ధం పెట్టుకుంటాను, ధనం కావాలి అని విదురుడితో అడిగించాడు. భీముడికి ఒళ్ళు మండింది. దుర్యోధనుడి పేరు మీద దానాలకి మన డబ్బా అన్నాడు. భీముడి వాదనలో లెక్క తప్పు లేదు. డబ్బు నిజంగానే పాండవులది. కానీ అర్జునుడు భీముణ్ణి బతిమాలాడు, ధర్మరాజు ఆపాడు. ఎంత కావాలంటే అంత నా ఇంట్లోంచి తీసుకోమనండి, భీముడి కోపాన్ని మనసులో పెట్టుకోవద్దని చెప్పండి అని కబురు పంపాడు.

నాకు దీంట్లో అర్థమైంది ఏంటంటే, ముసలితనంలో మనిషికి తిండీ మంచమూ ఉంటే సరిపోదు. ఒకరికి ఇవ్వగలగాలి. ఇవ్వగలిగినంత కాలం ఆ మనిషి ఇంకా ఇంటి పెద్దే. ఆ శక్తి తీసేస్తే, ఎంత బాగా చూసుకున్నా వాళ్ళు మనం మోస్తున్న సామానైపోతారు. ధర్మరాజు తన డబ్బు ఇచ్చి మరీ ఆ పెద్దరికాన్ని నిలబెట్టాడు. మనం వాళ్ళ సొంత డబ్బు తీసుకుని ఆ పెద్దరికాన్ని లాగేస్తున్నాం.

"అడిగితే ఇచ్చేదే కదా" అనే మాటలో మోసం ఇక్కడే ఉంది. అడిగితే అది దానం, కానుక, మనవరాలికి నాయనమ్మ ఆశీర్వాదం. అడక్కపోతే అదే డబ్బు, అదే ఫీజు, కానీ ఇచ్చినవాళ్ళు ఎవరూ లేరు. తీసుకున్నవాళ్ళు మాత్రమే ఉన్నారు. ఆవిడకి పుణ్యం లేదు, సంతోషం లేదు, వద్దనే హక్కూ లేదు. డబ్బుతో పాటు ఇచ్చే అవకాశాన్ని కూడా తీసేసుకున్నాం.

మనం చెప్పుకునే మిగతా సాకులు

"ఎలాగూ రేపు నాకే వస్తుంది." రేపటి సంగతి రేపు. ఆవిడ పెన్షన్ ఆవిడ సొంత సంపాదన. ఆవిడ బతికుండగా దాని మీద చట్టం కూడా మనకి వాటా ఇవ్వదు. మనిషి ఉండగానే వారసత్వం తీసుకోవడమంటే, మనసులో ఆ మనిషికి అప్పుడే నీళ్ళొదిలేసినట్టు. వినడానికి కష్టంగా ఉంటుంది కానీ అంతే.

"అక్కడ ఆవిడకి ఖర్చేముంది?" ఏ ఖర్చు అవసరమో మనమే నిర్ణయించేస్తే అలాగే అనిపిస్తుంది. చెవి మిషన్ బ్యాటరీలు ఒక ఖర్చు. పక్కమంచం ఆవిడ పుట్టినరోజుకి అరడజను అరటిపళ్ళు ఒక ఖర్చు. హుండీలో పది రూపాయలు కూడా ఖర్చే.

"నేను ఇంత సేవ చేస్తున్నాను కదా." సరే, తిరగడానికి పెట్రోలవుతుంది, సెలవు పెట్టాల్సొస్తుంది. ఆ ఖర్చు తీసుకోవడం తప్పు కాదు. చెప్పి తీసుకోండి. చెప్పకుండా తీసుకునే జీతానికి వేరే పేరుంది.

ఇంకొకరి సొమ్ము చూసుకోవడం ఎలాగో తెలియాలంటే రామాయణంలో భరతుణ్ణి చూడాలి. పాదుకలు సింహాసనం మీద పెట్టి, 14 ఏళ్ళు నందిగ్రామంలో ఉండి రాజ్యం చూసాడు. రాజ్యం తనదనుకోలేదు, అన్న దాచమని ఇచ్చిన న్యాసం అనుకున్నాడు. రాముడు తిరిగొచ్చిన రోజు ఏడ్చి కాళ్ళ మీద పడి ఊరుకోలేదు. ఖజానా, ధాన్యాగారాలు, సైన్యం, అన్నీ పదింతలయ్యాయి, చూసుకో అని లెక్క అప్పజెప్పాడు. అంత ప్రేమ ఉన్నచోట కూడా లెక్క ఉంది! "మా మధ్య లెక్కలేంటి" అనేవాళ్ళకి ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఎలా కనిపెట్టాలి

మా పెద్దమ్మ విషయంలో తీసుకున్నది కొడుకు. అన్నిచోట్లా అలాగే ఉండదు. కొన్నిచోట్ల మేనల్లుడు, కొన్నిచోట్ల ఆయమ్మ, కొన్నిచోట్ల ఆశ్రమం నడిపేవాళ్ళే. మీవాళ్ళెవరైనా అలాంటి చోట ఉంటే ఇవి గమనించండి.

ఆదాయం బాగానే ఉన్నా చిన్న చిన్న అవసరాలు తీరడం లేదు. కళ్ళజోడు పగిలి నెలలైంది, చెప్పులు అరిగిపోయాయి, పళ్ళ సెట్టు వదులైంది. పెన్షన్ పడుతున్నా ఆశ్రమం ఫీజు బాకీ ఉందంటున్నారు. ఖాతాలో ఎంతుందో వాళ్ళకి తెలీదు, బ్యాంకుకి ఇచ్చిన ఫోన్ నంబర్ వాళ్ళది కాదు. ఏటీఎం పిన్ ఆయమ్మకి తెలుసు. చేతి గాజులు, ఉంగరం కనపడటం లేదు, అడిగితే ఒక్కో రోజు ఒక్కో జవాబు వస్తోంది. మందులకి, డైపర్లకి రసీదు లేని బిల్లులు. లైఫ్ సర్టిఫికెట్ కోసమని వేలిముద్ర వేయించుకున్నారు, ఆ తర్వాత ఇంకేవో కాగితాల మీద కూడా వేయించుకున్నారు. నామినీ మారింది, ఉన్నట్టుండి వీలునామానో గిఫ్ట్ డీడో తయారైంది. మీరు మాట్లాడుతున్నంతసేపూ ఎవరో ఒకరు గదిలోంచి కదలడం లేదు.

వీటిలో ఒకటి కనపడగానే దొంగ దొరికాడని అనుకోవద్దు. మతిమరుపు వల్ల ఉంగరం తలగడ కింద పెట్టి మర్చిపోయే పెద్దవాళ్ళూ ఉంటారు. కానీ రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం ఊరుకోవద్దు.

ఏం చెయ్యాలి

మొదట వాళ్ళతో ఒంటరిగా కూర్చోండి. వరండాలోకో గుడి దాకానో తీసుకెళ్ళండి. "నీ డబ్బు ఎవరు తింటున్నారు?" అని అడిగితే ఏ తల్లీ జవాబు చెప్పదు. కొడుకుని పట్టించడం కంటే బ్యాటరీలు లేకుండా బతకడం తేలికనుకుంటుంది. "ఖాతాలో ఎంతుందో చూసుకోవాలనుందా? నేను చూసి చదివి వినిపించనా?" అని అడగండి. వాళ్ళు ఒప్పుకుంటేనే ముందుకెళ్ళండి. వాళ్ళని కాపాడతామంటూ మళ్ళీ వాళ్ళని అడక్కుండానే చేస్తే మనం చేసేదీ అదే తప్పు.

తర్వాత బ్యాంకు. పాస్‌బుక్ ఎంట్రీ వేయించండి. ఫోన్ నంబర్ వాళ్ళదే పెట్టించండి, ఏటీఎం పిన్ మార్పించండి. 70 ఏళ్ళు దాటినవాళ్ళకి ఇంటి దగ్గరికే వచ్చి సేవలందించమని రిజర్వ్ బ్యాంకు 2017లోనే బ్యాంకులకి చెప్పింది. సంతకం చెయ్యలేని స్థితిలో వేలిముద్రతో డబ్బు తియ్యాలంటే బ్యాంకుకి తెలిసిన ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయ్యుండాలి. జాయింట్ ఖాతాలో "ఎయిదర్ ఆర్ సర్వైవర్" అని ఉంటే ఇద్దరిలో ఎవరైనా మొత్తం తీసెయ్యొచ్చని పెద్దవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పండి. ఆధార్ వేలిముద్రని అవసరం లేనప్పుడు లాక్ చేసుకోవచ్చు కూడా. ఇవన్నీ జ్ఞాపకశక్తి బాగున్నప్పుడే చేసుకోవాలి.

ఆశ్రమం వాళ్ళ మీద అనుమానముంటే రసీదులు అడగండి, ఫిర్యాదు కాగితం మీద తేదీ వేసి ఇవ్వండి, ఒక కాపీ దగ్గరుంచుకోండి. ఫిర్యాదు ఇచ్చి వచ్చేస్తే ఆ రాత్రి అక్కడ ఉండేది మీరు కాదు, వాళ్ళు. కాబట్టి ఆ వారమంతా వెళ్తూ ఉండండి. ఒకరోజు మీరు, ఒకరోజు మీ చెల్లెలు, వేళ కాని వేళ కూడా వెళ్ళండి. చూసే మనుషులున్నారని తెలిస్తేనే చాలా చేతులు ఆగిపోతాయి.

ఎవరికి చెప్పుకోవాలో తెలియకపోతే 14567. పెద్దల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్, ఎల్డర్‌లైన్ అంటారు. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకూ పనిచేస్తుంది. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 1930కి ఫోన్ చెయ్యండి. నగలో డబ్బో దొంగతనంగా పోయినా, బెదిరింపులున్నా పోలీసులకి చెప్పాల్సిందే, అక్కడ మొహమాటం వద్దు.

పిల్లలు ఆస్తి తీసుకుని చూడకపోతే 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. ఆర్డీఓ స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. వాళ్ళు కదల్లేకపోతే వాళ్ళ తరఫున ఇంకొకరు పెట్టొచ్చు. ఆ చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం, బాగోగులు చూడాలనే షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూడకపోతే వెనక్కి తీసుకోవచ్చు. అందుకే గిఫ్ట్ డీడ్ రాసేటప్పుడు ఆ షరతు నోటి మాటగా కాకుండా కాగితం మీదే ఉండాలని ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి. "నా పిల్లలు అలాంటివాళ్ళు కాదు" అంటారు. కాకపోవచ్చు. షరతు ఉంటే మంచి పిల్లలకి నష్టమేం లేదు కదా.

ఆ ఆదివారం

నేను 14567కి ఫోన్ చెయ్యలేదు. మా విషయంలో ముందు ఇంట్లో మాట్లాడి చూడొచ్చు అనిపించింది. అన్నయ్యకి మళ్ళీ ఫోన్ చేసి, ముందు నా మైక్ సంగతి చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. "ఆదివారం నువ్వూ రా" అన్నాడు.

ఇద్దరం వెళ్ళాం. బ్యాటరీలు వేసాక పెద్దమ్మ చెవి మిషన్ కీచుమంది, సర్దుకుంది. అన్నయ్య పాస్‌బుక్ తీసి తనే చదివాడు. ఫీజు దగ్గరికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. పెద్దమ్మ అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"ఫీజు నేను కట్టానని పాపకి చెప్పావా?"

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"పోయినేడు మీ నాన్న తద్దినానికి ఇక్కడున్న నలభైమందికీ భోజనం పెడదామంటే డబ్బుల్లేవన్నావు. సరే, నిజమే అనుకున్నాను. ఆయన పేరు మీద నలుగురికి అన్నం పెట్టలేనిదాన్నయ్యానని ఏడాదంతా అనుకుంటూనే ఉన్నాను రా."

ఆ మాటకి ఎవరం జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది?

ఇప్పుడు కార్డు పెద్దమ్మ దగ్గరే ఉంది. ఫోన్ నంబర్ ఆవిడదే. కారు ఈఎంఐకి ఇవ్వనంది, అన్నయ్యకి కొంచెం కష్టమైంది, వాళ్ళిద్దరి మధ్య ఇంకా కాస్త బెట్టు ఉంది. ఫీజులో సగం కడతానంది, అది కూడా పాప వచ్చి తన చేతుల మీదుగా తీసుకోవాలంది. నెలకోసారి పాస్‌బుక్ చదివి వినిపించే పని నాది. ఆ వంకతో నేనూ నెలకోసారి వెళ్తున్నాను.

ఇంటికొచ్చి నాన్నకి 7,200 ఇచ్చి, విషయం చెప్పాను. "తెలుసు" అన్నారు. డబ్బు లెక్కపెట్టి జేబులో పెట్టుకుని, అందులోంచి రెండు వేలు తీసి నా చేతిలో పెట్టారు. "ఇది ఛానల్‌కి, నా తరఫున" అన్నారు.

ఈ వారం మీరూ ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఖాతా, కార్డు, పిన్ మీ చేతిలో ఉంటే, వాళ్ళ పక్కన కూర్చుని పోయిన మూడు నెలల లెక్క చదివి వినిపించండి. వాళ్ళు వద్దన్నా వినిపించండి. ఆ తర్వాత "దీంట్లోంచి ఎవరికైనా ఏమైనా ఇవ్వాలనుందా?" అని అడగండి. ఏం చెప్పారో కామెంట్లలో రాయండి. వాళ్ళని అడిగాకే రాయండి.

శుభం.